ఎర దొంగలు

గాలం వేసి కూర్చున్నవానికి చేప పడకపోవడం ఒక కష్టం, ఎర పోవడం మరొక కష్టం. రెండూ ఒకటే కదా అని గట్టుమీద నిలబడి చూసేవారు అనుకుంటారు. ఒకటి కాదు. చేప పడకపోతే ఇవాళ ఏటికి దయ లేదని తాడు చుట్టుకొని ఇంటికి పోవచ్చు. ఎర పోయిన సంగతే తెలియక, వట్టి గాలాన్ని నీళ్ళలో ఉంచుకొని మూడు గంటలపాటు ఆశగా కూర్చోవడం ఉన్నదే, అది పగవాడికి కూడా వద్దు. యానాంలో గౌతమి గట్టున పుట్టి పెరిగిన వాళ్ళం గనుక ఈ తేడా మాకు చిన్ననాటినుంచీ తెలుసు. పండుగప్ప కోసమని బతికిన రొయ్యను గుచ్చి వేస్తే, ఆ దొరగారు వచ్చే లోపల పీత వచ్చి, జెల్ల వచ్చి, ఇసుకదొందు వచ్చి తలా ఇంత పంచుకొని పోతాయి. మా ఇంట్లో పెద్దలు వాటిని ఎర దొంగలు అనేవారు.

అయితే ఈ దొంగల గురించి మళ్ళీ ఇంత శ్రద్ధగా ఆలోచించవలసిన అవసరం మాకు గౌతమి మీద కలగలేదు. భూగోళానికి ఆవలిపక్క, కెనడా దేశపు పడమటి కొసను, ఫ్రేజరు అనే నది మీద కలిగింది. మా పెద్దబ్బాయి ఆ నదికి దక్షిణాన ఆబట్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో కాపురం ఉంటున్నాడు. కిందటేడు మే నెలనుంచి అక్టోబరు ఆఖరు దాకా మేము అక్కడ ఉన్నాము. ఈ వ్యాసంలో "మేము" అన్నప్పుడు ఒకచోట మా దంపతులమనీ, మరొకచోట మా అత్తాకోడళ్ళమనీ చదువరులు సందర్భాన్నిబట్టి గ్రహించుకోవాలి. మనవడు మాత్రం అందరి జట్టులోనూ ఉంటాడు.

ఫ్రేజరు చిన్న ఏరేమీ కాదు. రాకీ పర్వతాలలో పుట్టి, సుమారు 1,375 కిలోమీటర్లు నడిచి, వాంకూవరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ప్రధాన నది మీద ఎక్కడా ఆనకట్ట లేదు. ఈ మాట వినగానే మా వారు ధవళేశ్వరాన్ని తలుచుకొని కొంతసేపు మాట్లాడలేదు. మేము వెళ్ళేసరికి నది నిండుగా, మట్టిరంగున, సుళ్ళు తిరుగుతూ పారుతున్నది. అచ్చం శ్రావణమాసపు గోదావరి. ఒకటే తేడా. మనకు వరదను వాన తెస్తుంది, వాళ్ళకు ఎండ తెస్తుంది. కొండలమీది మంచు కరిగేకొద్దీ నీరు పెరుగుతుంది.

ఆ నదిలో ఉండే పెద్ద చేప పేరు స్టర్జన్. అందులోనూ తెల్ల స్టర్జన్ అనేది ఉత్తర అమెరికాలో మంచినీటి చేపలన్నిటికీ పెద్ద. ఇరవై అడుగుల దాకా పెరుగుతుందనీ, నూరేళ్ళకు పైగా బతుకుతుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. దీని జాతి రాక్షసి బల్లుల కాలంనాటిది. ఒంటిమీద పొలుసులు ఉండవు. వాటికి బదులు వరుసలు తీరిన ఎముక బిళ్ళలు ఉంటాయి. ముట్టె పొడుగ్గా ఉండి, దాని అడుగున నాలుగు మీసాలు వేలాడుతుంటాయి. ఆ మీసాల వెనక నోరు. నోటిలో పళ్ళు లేవు. తిండి కనబడినప్పుడు ఆ నోరు గొట్టంలాగా కిందికి సాగి, జుర్రున లోపలికి పీల్చుకుంటుంది. మట్టినీటిలో కళ్ళు ఏం పనిచేస్తాయి? అందుకని భగవంతుడు దానికి మీసాలూ, వాసనా ఇచ్చింది చాలక, ముట్టె అడుగున సన్నని గుంటలు కూడా పెట్టాడు. బతికిన ప్రాణి ఒంట్లోంచి పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును కూడా అవి పసిగడతాయట.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఈ చేప ఏటి అడుగున నేలమీద తింటుంది. ఎర దొంగలు కూడా అక్కడే తింటాయి. యానాంలో పీతల బాధ ఎక్కువైతే, మా తమ్ముడు బెండు కట్టి ఎరను నేలకు జానెడెత్తున ఆడించేవాడు. పీత కింద, పండుగప్ప పైన, ఎవరి పంక్తి వారిది. స్టర్జన్‌తో ఆ ఉపాయం సాగదు. నేలమీద పడి ఉన్నదే దానికి తిండి. వేటగాడు ఎరను నేలకే ఆనించాలి, ఆనించి దొంగల నోట పడకుండా కాపాడుకోవాలి. పెళ్ళిలో ఆఖరి బంతికి రాబోయే వియ్యంకుడికోసం విస్తరి వేసి, పిల్లలు తినకుండా కాపలా కాయడం లాంటిదే ఇది.

ఆ పిల్లలెవరో కూడా చెప్పాలి. మొదటిది పైక్‌మిన్నో. మన బొచ్చె, శీలావతులకు దూరపు చుట్టమే గాని బుద్ధులు వేరు. సన్నగా, ఆకుపచ్చ తిరిగిన ఒళ్ళుతో, మూరెడు దాకా పెరిగి, కనబడినదల్లా కొరుకుతుంది. సాల్మన్ పిల్లలను కూడా తింటున్నదని దక్షిణాన అమెరికా దేశంలో, కొలంబియా నది మీద, 1990 దశాబ్దపు తొలి ఏళ్ళనుంచి దీన్ని పట్టి తెచ్చినవారికి తలకింత అని డబ్బు ఇస్తున్నారు. పూర్వం దీనికి మరొక పేరు ఉండేది. ఆ పేరులో అక్కడి ఆదివాసుల ఆడవాళ్ళను కించపరిచే మాట ఉన్నదని 1990 దశాబ్దం ఆఖరులో మార్చారు. చేపకు పేరు మారింది గాని అలవాటు మారలేదు. రెండోది పీమౌత్ అని, జానెడు చేప. నోరు చిన్నది, ఓపిక పెద్దది. మూడోది స్కల్పిన్. దాన్ని చూడగానే మేము "ఓసి, నువ్వా!" అన్నాము. బండ తల, పెద్ద నోరు, అడుగున రాయిలాగా పడి ఉండే స్వభావం, అన్నిటా మన ఇసుకదొందే. చుట్టరికమేమీ లేదట. నదులు వేరైనా వృత్తి ఒకటైతే ముఖాలు ఒక పోలిక పడతాయి గాబోలు.

మా మనవడికి పన్నెండేళ్ళు. వేసవి మొదలుపెట్టి ఐదుసార్లు తండ్రి వెంట పడవలో వెళ్ళి వచ్చాడు. ఐదుసార్లూ వాడి గాలానికి స్టర్జన్ తగలలేదు. పక్కన తండ్రికి తగిలింది, పడవ యజమానికి తగిలింది. వీడి గాలం పైకి తీసినప్పుడల్లా ఎర లేకుండా తళతళలాడుతూ వచ్చేది. ఐదోసారి ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "నానమ్మా, నేను ఇంక వెళ్ళను. నా దగ్గరికి చిన్నవే వస్తాయి" అన్నాడు. ఆ పిల్లవాడి తెలుగు అంతంతమాత్రం. వెదికి వెదికి ఆ ముక్క తెలుగులో చెప్పాడంటే ఎంత మనసుకు పట్టిందో తెలుస్తూనే ఉంది. మేము మళ్ళీ అంత దూరం రాగలమో లేదో. అక్టోబరు వెళ్ళే లోపల వాడి గాలానికి ఒక్క చేప తగిలితే బాగుండునని మా అందరికీ పట్టుదల కలిగింది.

నిజం చెప్పాలంటే, మొదట మా వారికి ఈ వేటే నచ్చలేదు. ఎందుకంటే పట్టిన స్టర్జన్‌ను ఇంటికి తెచ్చుకోకూడదు. ఫ్రేజరు కింది భాగంలో 1994 నుంచి అది నియమం. గాలానికి వెనక్కి తిరిగే ముల్లు కూడా ఉండరాదు, విడిపించేటప్పుడు నోరు చిరుగుతుందని. "తినని చేపను పట్టడం దేనికిరా? దాన్ని ఏడిపించడం తప్ప" అని మా వారు నిలదీశారు. అబ్బాయి కోపగించుకోలేదు. 1890ల చివర ఆ నదిలో దీన్ని మాంసానికీ గుడ్లకూ విచ్చలవిడిగా పట్టారనీ, కొద్ది ఏళ్ళకే పడవలు ఖాళీగా రావడం మొదలయిందనీ చెప్పాడు. ఆడచేప మొదటిసారి గుడ్లు పెట్టడానికే సుమారు ఇరవై ఏళ్ళు కావాలి, పెట్టినా ఏటేటా పెట్టదు. అటువంటి జాతి ఒకసారి తగ్గితే మనిషి ఆయుర్దాయంలో కోలుకోదు. ఇప్పుడు పట్టినవాళ్ళలో కొందరు స్వచ్ఛందంగా చేప పొడుగు కొలిచి, తల వెనక బియ్యపు గింజంత గుర్తును చర్మం కింద ఎక్కించి వదులుతారు. మళ్ళీ ఎవరికైనా ఆ చేప పడితే, ఒక చేతి యంత్రం ఆ గుర్తులోని అంకెను చదువుతుంది. నదిలో ఎన్ని మిగిలాయో లెక్క తెలిసేది చాలావరకు ఈ గాలాల వాళ్ళవల్లనే. మా వారు ఊఁ అన్నారు గాని పూర్తిగా సమాధానపడలేదు. మేమూ పడలేదు. కాని లెక్క లేకుండా కాపాడడం ఎట్లా అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మన పులసకు ఆపాటి లెక్క ఎవరైనా రాస్తున్నారా?

పడవ పొరుగున ఉండే సర్దార్జీది. ఆ ఊళ్ళో పంజాబీలు తరతరాలుగా ఉన్నారు. ఆయన లారీ తోలడం మానుకొని, గుర్తులు వేసే పనిలో ఉన్నాడు. దొంగల శాస్త్రం మాకు బోధించినది ఆయనే. మొట్టమొదట నేర్పినది ఏమంటే, కర్ర కొనను చూడడం. టక్, టక్, టక్ అని పిచ్చుక పొడిచినట్లు ఆడుతుంటే అది దొంగ. స్టర్జన్ అట్లా పొడవదు. పళ్ళు లేనిదానికి కొరకడం ఎక్కడిది? అది ఎరను పీల్చుకొని నిదానంగా కదులుతుంది. కర్ర కొన పెద్దవారికి నమస్కారం పెట్టినట్లు మెల్లిగా వంగి, లేచి, మళ్ళీ వంగుతుంది. ఆ రెండో వంపుకు లాగాలి. టకటకకు లాగినవాడు దొంగకు భోజనం పెట్టి, దొరను బెదరగొట్టినవాడవుతాడు. ఇంకొక మాట కూడా ఆయన చెప్పాడు. టకటక చాలాసేపు ఆడి, ఉన్నట్టుండి ఆగిపోతే, "ఎర పోయింది, లేదా పెద్దవారు వచ్చారు" అని. రెండిటిలో ఏది అన్నది ఓపిక పట్టి తేల్చుకోవాలి.

ఇక ఎరల సంగతి. అక్కడ వాడేవి ముఖ్యంగా మూడు. లాంప్రే అని పాముచేపను పోలిన జంతువు ముక్కలు. తోలు చెప్పు అట్టలాగా గట్టిది, దొంగలు చాలాసేపు కొరికినా ఊడదు, కాని ఖరీదు. రెండోది యూలకాన్ అనే చిన్న చేప. మూడోది సాల్మన్ గుడ్లు.

యూలకాన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. అది వసంతకాలంలో సముద్రంలోంచి నదిలోకి గుడ్లు పెట్టడానికి ఎక్కి వస్తుంది, మన పులసలాగా. ఒళ్ళంతా కొవ్వు. ఎండబెట్టి, ఒత్తి పెట్టి వెలిగిస్తే కొవ్వొత్తిలాగా మండుతుంది. అక్కడి ఆదివాసులు దాని కొవ్వును కాచి నెయ్యిలాగా వాడుకునేవారు, ఆ నెయ్యి మోసుకుపోయే బాటలకు ప్రత్యేకంగా పేరే ఉండేది. అటువంటి చేప ఇప్పుడు తగ్గిపోయింది. అమెరికాలో 2010లో ముప్పు ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. ఫ్రేజరు యూలకాన్ అంతరించే ప్రమాదంలో ఉన్నదని కెనడా శాస్త్రజ్ఞుల సంఘం 2011లో నిర్ణయించింది. మంచుపెట్టెలో పెట్టి అమ్మే యూలకాన్‌ను ఒక్కొక్కటే గుచ్చి, పైక్‌మిన్నోలకు గంటకు మూడేసి చొప్పున సమర్పించడం చూస్తే మాకు కడుపు తరుక్కుపోయింది. ఒక జాతిని లెక్కపెట్టడానికి మరొక జాతిని దొంగలపాలు చేయడం ఏం న్యాయం? "అయితే దాన్ని వాడడమే మానేద్దాం" అన్నది మా కోడలు. మగవాళ్ళు గొణిగారు గాని, ఆ ఇంట్లో ఎర కొనే డబ్బు ఆమె చేతిమీదుగా పోతుంది. ఆ విధంగా గుడ్లు ఒక్కటే మిగిలాయి.

గుడ్లకు దొంగల బెడద అన్నిటికంటె ఎక్కువ. మెత్తనివి, రుచిగలవి. వట్టిగా గుచ్చితే పది నిమిషాలు నిలవవు. అక్కడివాళ్ళు వాటిని నైలాను మేజోళ్ళ గుడ్డలో మూటకట్టి, సాగే సన్న దారంతో చుడతారు. అబ్బాయి కట్టిన మూటలు చూసి మేము అత్తాకోడళ్ళం ముఖముఖాలు చూసుకున్నాము. గుడ్డ ఒక్క పొర, ముడి వదులు, ఒక పక్కన గుడ్లు బయటికి ఉబికి ఉన్నాయి. చంటిపిల్లలకు వాము మూట కట్టిన చేతులు, పులుసులో మసాలా మూట వేసిన చేతులు, వాటిని చూసి ఊరుకోగలవా? అక్టోబరు మొదటి వారంలో ఒక రాత్రి వంటింటి బల్లమీద పాత కాగితాలు పరుచుకొని కూర్చున్నాము. ఆ వాసన మూడు రోజులు పోలేదని వేరే చెప్పనక్కరలేదు.

మూటకు సూత్రం ఒకటే. రసం బయటికి రావాలి, సరుకు పోరాదు. అందుకని గుడ్లకు ముందు ఉప్పు, బోరాక్సు అద్ది, జల్లెడలో ఒక రాత్రి ఆరనిచ్చాము. నీరు కారిపోయి, పైతోలు సాగి, గుడ్లు గట్టిపడ్డాయి. పెద్ద నిమ్మకాయంత ముద్ద తీసి, మేజోడు గుడ్డను రెండు పొరలు వేసి, అడుగునా పైనా మెలిపెట్టి, సాగుదారాన్ని నిలువుగా మూడు చుట్లు, అడ్డంగా మూడు చుట్లు తిప్పాము. మరీ బిగిస్తే గుడ్లు లోపలే చితికి, మొదటి పావుగంటలోనే రసమంతా కొట్టుకుపోతుంది. వదులైతే దొంగ నోటికి గుడ్డ అంచు దొరుకుతుంది. అంచు దొరికిందా, ఇక లాగుతూనే ఉంటుంది. కాబట్టి అంచులు లోపలికి మడిచి, దారం కింద దాచాలి. మూట గుండ్రంగా ఉండాలి. మూలలేని దాన్ని చిన్న నోరు పట్టుకోలేదు. స్టర్జన్‌కు పట్టుకోవలసిన పనే లేదు, పీల్చుకుంటుంది. గాలాన్ని మాత్రం మూట లోపల పాతిపెట్టకూడదు, గుడ్డను ఒక పక్కనుంచి గుచ్చి మొన బయటికి కనబడేటట్లు ఉంచాలి. మొన మూసుకుపోతే ఎంత పెద్ద చేప వచ్చినా తగలదు. ఇరవై నాలుగు మూటలు కట్టాము. మా కోడలికి ముడి మీద ముడి వేసే ఒడుపు వెంటనే వచ్చింది. "వాము మూట కట్టడం నాకెవరూ నేర్పలేదు అత్తయ్యా, ఇప్పుడు వచ్చింది. కట్టడానికి చంటిపిల్లలే లేరు" అని నవ్వింది.

మూట ఒక్కటే చాలదు. చోటు చూసుకోవాలి. పిల్ల ఏళ్ళు కలిసే మూలల్లో, నీరు నిలిచి ఉండే అంచుల్లో దొంగలు గుంపులుగా ఉంటాయి. సర్దార్జీ పడవను అక్కడినుంచి తీసి, ప్రవాహం ఒరుసుకుపోయే లోతు గుంట పక్కకు చేర్చాడు. చిన్నచేపకు అక్కడ నిలదొక్కుకోవడం కష్టం, పెద్దదానికి లెక్కలేదు. ఎర కొట్టుకుపోకుండా అరకిలో పైచిలుకు సీసపు గుండు వేశాడు. పాత ఎర ముక్కలను పడవ పక్కన పారవేయవద్దని, దానికొక బాల్చీ పెట్టాడు. విందు ఇక్కడే అని దండోరా వేసి దొంగలను పిలవడం ఎందుకు? మా వారికి గడియారం పని అప్పగించారు. ఇరవై నిమిషాలకొకసారి, టకటక ఉన్నా లేకపోయినా, గాలం పైకి తీసి మూట చూడాలి. మా వారు యానాంలో ఫ్రెంచి బడిలో ఓనమాలు దిద్దినవారు. ఆ దేశంలో ప్రతి డబ్బామీదా, ఆఖరుకు పడవలో తొడుక్కునే తేలుడు చొక్కామీద కూడా, ఫ్రెంచి రాసి ఉంటుంది. అందుకని మనవడికి నిమిషాలు ఫ్రెంచిలో లెక్కపెట్టి వినిపించేవారు. చలి చంపుతున్నా ఆయన అంత ఉత్సాహంగా మాట్లాడడం ఆ ఆరు నెలల్లో అదే చూడడం.

మొదటి గంట టకటకలే. మూట తీసి చూస్తే గుడ్డ చెమ్మగా, ఒకటి రెండు చోట్ల పీచు రేగి ఉన్నది గాని గుడ్లు ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. మనవడు దాన్ని చేతిలో పట్టుకొని, "నానమ్మా, తినలేకపోయాయి!" అన్నాడు. ఆ సంతోషం చేప పడ్డ సంతోషానికి ఏమీ తక్కువ కాదు. రెండో గంటలో టకటక ఆగింది. సర్దార్జీ వేలు పెదిమలమీద పెట్టాడు. కర్ర కొన ఒకసారి వంగింది, లేచింది. మళ్ళీ వంగింది.

తరువాతి అరగంట మేము సరిగ్గా చూడలేదు. పిల్లవాడు పడవలోంచి ఎక్కడ జారుతాడోనని మేము అత్తాకోడళ్ళం వాడి చొక్కా చెరొక పక్కా పట్టుకొని ఉన్నాము. మధ్యలో ఆ చేప నీటిపైకి పూర్తిగా ఎగిరింది. అంత బరువు అంత తేలిగ్గా లేస్తుందని అనుకోలేదు. పక్కకు చేరాక దాన్ని పైకి ఎత్తలేదు, పెద్ద చేపను నీళ్ళలోనే ఉంచాలి. కొలత ఐదడుగుల రెండంగుళాలు. సర్దార్జీ యంత్రాన్ని దాని తల వెనక జరిపితే కీచుమని ఒక అంకె కనబడింది. ఇంతకుముందే ఎవరో గుర్తు వేసిన చేప. ఆయన అంకె చదువుతుంటే మనవడు పుస్తకంలో రాశాడు. మా వారు వంగి, చేతి జోడు విప్పి, దాని వీపుమీది ఎముక బిళ్ళలను ఒకసారి తడిమారు. ఏమీ అనలేదు. గాలం మొన తేలికగా ఊడి వచ్చింది. మూట ఇంకా దానికి అంటుకొనే ఉన్నది. చేప కొంతసేపు పడవ నీడలో ఊపిరి తీసుకొని, తోక ఒక్కసారి ఆడించి, మట్టినీటిలోకి దిగిపోయింది.

ఆ రోజుకు పదమూడు మూటలు ఖర్చయ్యాయి. మిగిలిన పదకొండూ ఒక డబ్బాలో పెట్టి మా కోడలు మంచుపెట్టెలో దాచింది. వంటింట్లోకి వచ్చిపోయే స్నేహితురాళ్ళు పొరబడతారని డబ్బామీద పెద్ద తెలుగు అక్షరాలతో "ఇది పచ్చడి కాదు" అని రాసి అంటించింది. కింద మనవడు వంకర అక్షరాలతో "స్టర్జన్‌కి మాత్రమే" అని చేర్చాడు.